పిల్లల ఆపరేషన్ తరువాత వీడియో కాల్‌లో డాక్టరుకు చూపించుకోవడం ఎలా

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కోరాపుట్, జయపురం ప్రాంతాల్లో ఉన్న మన తెలుగు కుటుంబాలు పిల్లలకు ఆపరేషన్ అవసరమైతే చాలావరకు విశాఖపట్నానికి వెళతాయి, కొందరు బరంపురానికి వెళతారు. ఆపరేషన్ నాటికి డబ్బూ మనుషులూ ఎలాగో సమకూరుతారు. అసలు ఇబ్బంది ఇంటికి చేరాక, "వారం తరువాత ఒకసారి తీసుకురండి" అన్న మాట దగ్గర మొదలవుతుంది. గాయం ఇంకా పచ్చిగా ఉన్న పిల్లవాడిని ఘాట్ రోడ్డు మలుపుల్లో కుదుపుకుంటూ తీసుకువెళ్లడం, రెండు రోజుల కూలి పోగొట్టుకోవడం, తీరా వెళితే రెండు నిమిషాలు చూసి "బాగానే ఉంది" అని పంపించెయ్యడం మా వైపు తల్లిదండ్రులందరికీ తెలిసిన అనుభవమే. ఈ శ్రమలో కొంత భాగాన్ని వీడియో కాల్ నిజంగా తప్పిస్తుంది.

అయితే ఫోనులో డాక్టరు చూడగలరు, వినగలరు, అంతేకాని తాకలేరు. పొట్ట నొక్కి చూడవలసిన చెయ్యి, ఒంటి వేడి చూడవలసిన చెయ్యి మీదే అవుతుంది. కాబట్టి ఆ కాల్ వల్ల పిల్లవాడికి మేలు జరగడమూ జరగకపోవడమూ చాలావరకు మీరు ముందుగా ఏమి గమనించి, ఏమి రాసిపెట్టుకున్నారన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. నేను మాట్లాడిన తల్లిదండ్రుల్లో వీడియో కాల్ వల్ల లాభం లేదన్నవారు దాదాపు అందరూ ఏ సన్నాహమూ లేకుండా ఫోను ఎత్తినవారే.

ఆసుపత్రి వదిలే ముందు

వీడియో కాల్‌కు సిద్ధపడడం డిశ్చార్జి నాడే మొదలుపెట్టాలి. బిల్లు కట్టే హడావిడిలో, బండికి వేళయిపోతోందన్న తొందరలో డిశ్చార్జి సమ్మరీని సంచిలో పడేసుకుని బయలుదేరడం సహజమే, కాని దయచేసి అలా చేయకండి. ఆ కాగితం చేతికి రాగానే నర్సు దగ్గరో డ్యూటీ డాక్టరు దగ్గరో నిలబడి, ఏ ఆపరేషన్ చేశారో, ఏ తేదీన చేశారో, చేసిన సర్జన్ పేరేమిటో, ఆనాడు పిల్లవాడి బరువు ఎంతో అందులో స్పష్టంగా ఉన్నాయో లేదో చూసుకోండి. బరువు ముఖ్యం, ఎందుకంటే పిల్లల మందుల మోతాదు అంతా బరువును బట్టే లెక్క కడతారు.

తరువాత అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. వేసిన కుట్లు వాటంతట అవే కరిగిపోయేవా, లేక తీయించుకోవలసినవా? తీయించుకోవలసినవైతే ఎన్నో రోజున, మా ఊరి ఆసుపత్రిలో తీయించవచ్చునా? కట్టు ఎప్పుడు విప్పాలి, స్నానం ఎప్పటి నుంచి చేయించవచ్చు? లోపలి నుంచి తీసిన ముక్కను పరీక్షకు పంపారా, పంపితే ఆ రిపోర్టు ఎప్పుడు వస్తుంది, దాన్ని మాకు ఎవరు చెబుతారు? ఈ చివరి ప్రశ్న చాలామందికి తట్టదు. గాయం చక్కగా మానిపోయి, పిల్లవాడు ఆడుకుంటూ ఉంటే, రిపోర్టు ఒకటి ల్యాబులో ఉండిపోయిందన్న సంగతే ఎవరికీ గుర్తుండదు.

అన్నిటికంటే ముందు అడగవలసింది ఫోను సంగతి. ఏ నెంబరుకు చేయాలి, ఏ వేళల్లో చేయాలి, రాత్రిపూట అవసరమైతే ఎవరు ఎత్తుతారు, కాల్ సర్జన్‌తోనా లేక జూనియర్ డాక్టరుతోనా, ఫీజు ఉంటుందా అని అడిగి, ఆ జవాబులను సమ్మరీ వెనకవైపు మీ చేతితోనే రాసుకోండి. మా అమ్మాయికి అపెండిక్స్ ఆపరేషన్ అయినప్పుడు మాకు ఇచ్చిన కాగితం మీద ఉన్నది రిసెప్షన్ నెంబరు ఒక్కటే. రాత్రి జ్వరం వచ్చి చేస్తే అది మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. మరునాడు వార్డు నెంబరు సంపాదించేదాకా మేము పడిన ఆందోళన మరొకరు పడకూడదని ఇంతగా చెబుతున్నాను.

ఆయుష్మాన్ భారత్ కార్డు మీద ఆపరేషన్ అయినవారు ఇంకొకటి తెలుసుకోవాలి. ఈ పథకం ఒడిశాలో 2025లో అమలులోకి వచ్చింది, పథకంలో చేరిన ఆసుపత్రి పక్క రాష్ట్రంలో ఉన్నా కార్డు చెల్లుతుంది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక 15 రోజుల వరకు ఆ చికిత్సకు సంబంధించిన ఖర్చు కూడా ప్యాకేజీలో భాగమే. కాబట్టి ఆ గడువులోపల ఏ మందులు, ఏ పరీక్షలు ఇస్తారో ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను అడిగి బయలుదేరండి.

పక్క రాష్ట్రం డాక్టరు ఫోనులో చూడవచ్చునా?

చూడవచ్చు. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2020 మార్చి 25న టెలిమెడిసిన్ నియమాలను విడుదల చేసింది. వాటి ప్రకారం రిజిస్టరైన డాక్టరు దేశంలో ఏ రాష్ట్రంలో ఉన్న రోగికైనా ఫోను ద్వారా సలహా ఇవ్వవచ్చు, మందుల చీటీ రాయవచ్చు. విశాఖలో ఉన్న సర్జన్ రాయగడలో ఉన్న పిల్లవాడిని చూడడానికి రాష్ట్ర సరిహద్దు అడ్డం రాదు. వీడియో ఒక్కటే కాదు, మామూలు ఫోను కాల్, వాట్సాప్ సందేశం కూడా ఈ నియమాల్లో ఆమోదించిన మార్గాలే.

అదే డాక్టరు, అదే సమస్యకు, నేరుగా చూసిన ఆరు నెలల లోపల మళ్లీ మాట్లాడితే దాన్ని ఫాలో-అప్‌గా లెక్కిస్తారు. కొత్త రోగికి ఫోనులో రాయడానికి వీలులేని కొన్ని మందులను ఫాలో-అప్‌లో రాయవచ్చు. ఆపరేషన్ చేసిన డాక్టరుతోనే మాట్లాడాలని పట్టుబట్టడానికి ఇది కూడా ఒక కారణం. పదహారేళ్లు, అంతకు లోపు వయసున్న పిల్లల విషయంలో పెద్దవారు ఒకరు పక్కన ఉండి తీరాలి, ఆ పెద్దవారు ఎవరన్నది డాక్టరు అడిగి తెలుసుకుంటారు. మీ గుర్తింపు కార్డు చూపించమంటే అది అనుమానించడం కాదు, నియమం.

ఇంట్లో రోజూ రాసిపెట్టుకోవలసినవి

స్కూలు నోటుబుక్కు ఒకటి ఇందుకోసమే పెట్టండి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి జ్వరం ఎంత ఉందో ధర్మామీటరుతో చూసి, వేళతో సహా రాయండి. "ఒళ్లు వెచ్చగా ఉంది" అన్న మాట డాక్టరుకు ఉపయోగపడదు, 100.4 అన్న అంకె ఉపయోగపడుతుంది. చంకలో పెట్టి చూశారా నోట్లో పెట్టి చూశారా అన్నది కూడా రాయాలి, ఎందుకంటే చంకలో చూసినప్పుడు కాస్త తక్కువ చూపిస్తుంది. డిజిటల్ ధర్మామీటరు ఏ మందుల దుకాణంలోనైనా దొరుకుతుంది. పిల్లవాడికి ఆపరేషన్ అయిన ఇంట్లో అది లేకుండా ఉండకూడదు.

ఏమి తిన్నాడు, ఎంత తాగాడు, ఎన్నిసార్లు మూత్రం పోశాడు, విరేచనం అయ్యిందా, వాంతి అయితే ఏ రంగులో అయ్యింది, ఏ మందు ఎన్ని గంటలకు ఎంత పోశారు అన్నవి తరువాతి వరుసలో రాయండి. నొప్పి గురించి చిన్న పిల్లలు మాటల్లో చెప్పలేరు కాబట్టి వారు చేసే పనులను రాయండి. నిన్న మంచం దిగనివాడు ఇవాళ గుమ్మందాకా నడిచాడా, వంగి నడుస్తున్నాడా, దగ్గినప్పుడు పొట్ట పట్టుకుంటున్నాడా, నిద్రలో ఉలిక్కిపడి ఏడుస్తున్నాడా అన్న సంగతులు సర్జన్‌కు ఎంతో చెబుతాయి.

పారాసిటమాల్ విషయంలో ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఇదే మందు చుక్కల సీసాగానూ సిరప్పుగానూ వస్తుంది, వాటి బలం వేరువేరు. సాధారణంగా చుక్కల మందులో ఒక మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటుంది. ఒక రకం సిరప్పులో 5 మి.లీ.కి 120 మి.గ్రా., మరో రకంలో 5 మి.లీ.కి 250 మి.గ్రా. ఉంటుంది. పది కిలోల పిల్లవాడికి డాక్టరు ఒక మోతాదుకు 150 మి.గ్రా. రాశారనుకుంటే, అది చుక్కల మందులో ఒకటిన్నర మి.లీ. మాత్రమే, 250 సిరప్పులో 3 మి.లీ., 120 సిరప్పులో ఆరు మి.లీ. పైచిలుకు అవుతుంది. విశాఖలో కొన్న సీసా అయిపోయి, ఇక్కడి దుకాణంలో వేరే సీసా ఇస్తే, పాత కొలతే పోస్తే మోతాదు రెట్టింపు కావచ్చు లేదా సగానికి పడిపోవచ్చు. అందువల్ల వీడియో కాల్‌లో మందు పేరు చెప్పడంతో ఊరుకోకుండా సీసా మీది లేబులును కెమెరాకు చూపించండి. పెద్దల కోసం ఇంట్లో ఉంచుకున్న నొప్పి మాత్రలను విరిచి పిల్లలకు ఇవ్వకండి. డాక్టరు ప్రత్యేకంగా రాస్తే తప్ప ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు.

గాయాన్ని ఫోటో తీసే పద్ధతి

రాత్రి ట్యూబులైటు కింద తీసిన ఫోటోలో ఎరుపు ఎరుపులా కనబడదు. పచ్చరంగు గోడ పక్కన తీస్తే చర్మం అంతా పసరు రంగులోకి తిరుగుతుంది. పొద్దున్న తొమ్మిదీ పది గంటల మధ్య, అరుగు మీదో కిటికీ దగ్గరో, నేరుగా ఎండ పడని చోట పిల్లవాడిని కూర్చోబెట్టండి. ఫ్లాష్ ఆపండి, ఫోను కెమెరా అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడవండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. మొదటి ఫోటో రెండు అడుగుల దూరం నుంచి, గాయం ఒంటి మీద ఎక్కడ ఉందో తెలిసేలా తీయాలి. రెండో ఫోటో జానెడు దూరం నుంచి, కుట్లు ఒక్కొక్కటీ కనబడేలా తీయాలి. రెండో ఫోటోలో గాయం పక్కన, చర్మానికి తగలకుండా, స్కూలు స్కేలు ఒకటి పట్టుకుంటే వాపు కొలత డాక్టరుకు తెలుస్తుంది. తేదీ రాసిన చిన్న కాగితాన్ని పక్కన పెడితే నిన్నటి ఫోటోకూ ఇవాళ్టి ఫోటోకూ తేడా పోల్చడం సులభం.

చామనఛాయ, నలుపు చర్మం మీద ఎరుపు అంత తేలికగా కనబడదు. గాయం చుట్టూ చర్మం ఊదారంగులోకో మరింత నలుపులోకో మారినా, మెరుస్తున్నట్టు బిగిసినా, రెండో వైపుతో పోలిస్తే వేడిగా ఉన్నా అది మీరు మాటల్లో చెప్పవలసిన సంగతి. కట్టు మీద మరక ఉంటే కట్టును పారేయకముందే దాన్నీ ఫోటో తీయండి. పల్చటి రసి వేరు, చిక్కటి చీము వేరు. పసుపు, కొబ్బరినూనె, ఆకుపసరు గాయం మీద పెట్టకండి. అది ప్రమాదమన్నది ఒక కారణమైతే, ఫోటోలో గాయం అసలు రంగు డాక్టరుకు తెలియకుండా పోవడం మరొక కారణం.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గిపోతుంది కాబట్టి, హెచ్‌డీ అన్నది ఎంచుకుని గాని, డాక్యుమెంటు రూపంలో గాని పంపండి. కాల్‌కు కనీసం గంట ముందే పంపితే సిగ్నల్ పోయినా డాక్టరు చేతిలో ఫోటో ఉంటుంది.

హెర్నియా, వరిబీజం, వృషణాలు కిందికి దించే ఆపరేషన్ వంటివాటిలో గాయం గజ్జల్లో ఉంటుంది. అటువంటి ఫోటో పంపే ముందు పంపమంటారా అని అడగండి. పంపవలసివస్తే గాయం మేరకే, ముఖం కనబడకుండా తీసి, డాక్టరు చెప్పిన నెంబరుకు మాత్రమే పంపండి. చుట్టాల గ్రూపులో పెట్టి "ఎలా ఉందో చూడండి" అని అడగడం మన ఇళ్లలో మామూలైపోయింది, అది ఆ బిడ్డకు అన్యాయం. పని అయ్యాక గ్యాలరీలోంచి, చెత్తబుట్టలోంచి, ఫోను తనంతట తాను దాచే బ్యాకప్పులోంచి కూడా తీసెయ్యండి.

కాల్ నాడు

ముందు రోజే అదే వేళకు, ఇంట్లో ఏ మూల సిగ్నల్ బాగా అందుతుందో, ఏ సిమ్‌కు అందుతుందో వేరే ఎవరికైనా వీడియో కాల్ చేసి చూసుకోండి. కొండ ఊళ్లలో మేడ మీదికో వీధి చివరికో వెళ్లవలసి వస్తుంది. పిల్లవాడు అంత దూరం నడవలేడంటే వీడియో వదిలేసి మామూలు కాల్‌కు మారడమే మంచిది, ఫోటోలు ముందే పంపి ఉంటారు కాబట్టి నష్టం లేదు. డిశ్చార్జి సమ్మరీ, నోటుబుక్కు, మందుల సీసాలు, ధర్మామీటరు, కలం, టార్చి ఒక్క చోట పెట్టుకోండి.

పిల్లవాడిని రోజంతా కనిపెట్టుకుని ఉన్నవారే డాక్టరుతో మాట్లాడాలి. చాలా ఇళ్లలో ఫోను తండ్రి చేతిలో ఉంటుంది, తల్లి వెనక నిలబడి ఉంటుంది, రాత్రి ఎన్నిసార్లు లేచాడన్నది తల్లికో అమ్మమ్మకో తెలుసు. "అంతా బాగానే ఉందండీ" అని తండ్రి ముగించేస్తే తల్లి నోట్లో ఉన్న మాట నోట్లోనే ఉండిపోతుంది. ఫోను ఆమె చేతికివ్వండి, లేదా స్పీకరులో పెట్టండి.

మొదటి అర నిమిషంలో పేరు, వయసు, బరువు, ఏ ఆపరేషన్, ఏ తేదీ అన్నవి చెప్పి, వెంటనే మిమ్మల్ని ఎక్కువగా భయపెడుతున్న విషయాన్ని చెప్పండి. దాన్ని చివరికి దాచుకుంటే కాల్ తెగిపోవచ్చు. డాక్టరు పిల్లవాడిని నడిపించమంటారు, దగ్గమంటారు, గెంతమంటారు, మిమ్మల్ని పొట్ట మీద మెల్లగా నొక్కమంటారు. నొక్కేటప్పుడు కెమెరా పిల్లవాడి ముఖం వైపు ఉండాలి, నొప్పి కనబడేది అక్కడే. టాన్సిల్స్ తీసిన పిల్లలైతే టార్చి వెలుగులో గొంతు చూపించమంటారు, అక్కడ కనిపించే తెల్లటి పొర చీము కాదు, మానుతున్న గాయమే.

డాక్టరు చెప్పిన మాటను మీ మాటల్లో తిరిగి చెప్పి, "ఇదేనా అండీ మీరు చెప్పింది?" అని అడగండి. ఇందులో మొహమాటపడవలసింది ఏమీ లేదు. మళ్లీ ఎప్పుడు మాట్లాడాలి, ఏమి జరిగితే ఆ తేదీ దాకా ఆగకూడదు అన్న రెండూ తెలుసుకోకుండా ఫోను పెట్టేయకండి.

మందుల చీటీని ఫోటోగానో పీడీఎఫ్‌గానో పంపమని అడగండి. దాని మీద డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నెంబరు, తేదీ, పిల్లవాడి పేరు, వయసు ఉండాలి. ఫీజు తీసుకుంటే రశీదు కూడా ఇవ్వాలి. మత్తుకు సంబంధించిన కొన్ని బలమైన మందులను ఫోనులో రాయడానికి నియమాలు ఒప్పుకోవు, కనుక డాక్టరు రాయనంటే ఒత్తిడి చేయకండి.

ఫోను చాలని సందర్భాలు

కొన్నిటికి వీడియో కాల్ కోసం ఎదురుచూడకూడదు. ఆకుపచ్చగా వాంతి కావడం, పొట్ట ఉబ్బి గట్టిపడడం, ఊపిరి ఎగబీల్చడం, పెదవులు నీలంగా మారడం, లేపినా సరిగా లేవకపోవడం, అదిమి పట్టినా రక్తం ఆగకపోవడం, గాయం విడిపోవడం, పగలంతా మూత్రం పోయకపోవడం కనిపిస్తే వెంటనే 108కి ఫోను చేయండి. టాన్సిల్స్ తీసిన తరువాత అయిదో రోజు నుంచి పదో రోజు మధ్య పొర ఊడేటప్పుడు రక్తం రావచ్చు. నోట్లోంచి కొంచెం ఎర్రటి రక్తం వచ్చినా, నిద్రలో మాటిమాటికీ గుటకలు మింగుతున్నా ఆసుపత్రికి వెళ్లవలసిందే. కాలికి పిండికట్టు వేసిన పిల్లల వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, వాచినా అదే మాట.

ఇటువంటప్పుడు ఆపరేషన్ చేసిన చోటికే వెళ్లాలని విశాఖ బండి ఎక్కకండి. దగ్గరున్న ఆసుపత్రికి, అంటే మీ జిల్లా ఆసుపత్రికి గాని, దగ్గరైతే కోరాపుట్ మెడికల్ కాలేజీకో బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీకో వెళ్లి, అక్కడి డాక్టరుకు డిశ్చార్జి సమ్మరీ చూపించి, సర్జన్ నెంబరు ఇచ్చి ఇద్దరినీ మాట్లాడనివ్వండి. సమ్మరీ ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి ఒడియా డాక్టరుకు మీరు తెలుగులో వివరించలేకపోయినా పని ఆగదు. దారిలో ఏమైనా తినిపించవచ్చునా అని 108 వారినో డాక్టరునో అడిగాకే తినిపించండి, మళ్లీ మత్తు ఇవ్వవలసి వస్తే కడుపు నిండుగా ఉండకూడదు.

అత్యవసరం కాకపోయినా నేరుగా వెళ్లవలసినవి మరికొన్ని ఉన్నాయి. వృషణం సరైన చోట నిలిచిందా అన్నది చేత్తో తాకి చూడాలి. గుండె ఆపరేషన్ అయిన పిల్లలకు ఎకో, అంటే గుండె స్కానింగ్, తీయాలి. కుట్లు తీయడం, పిండికట్టు మార్చడం ఫోనులో జరిగే పనులు కావు. మొదటి ఒకటి రెండు రోజుల తరువాత కూడా జ్వరం 101 దాటుతూ ఉంటే, గాయం చుట్టూ వాపు రోజురోజుకూ పెరుగుతూ ఉంటే, చీము కారుతూ ఉంటే, ఫోను చేసి చెప్పి, "ఇవాళే ఎక్కడైనా చూపించమంటారా?" అని సూటిగా అడగండి.

ఈ-సంజీవని ఎంతవరకు

కేంద్ర ప్రభుత్వం నడిపే ఈ-సంజీవనిలో డబ్బు కట్టకుండానే డాక్టరుతో మాట్లాడవచ్చు. ఫోను సరిగా లేనివారు దగ్గరి ఆయుష్మాన్ ఆరోగ్య మందిరానికి వెళితే అక్కడి కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు కాల్ కలుపుతారు, జ్వరమూ నాడీ చూసి డాక్టరుకు చెబుతారు. ఇది నిజంగా మంచి ఏర్పాటు, కాని ఆ డాక్టరు మీ బిడ్డ ఆపరేషన్ చూసినవారు కారు. దగ్గు, జలుబు, విరేచనాలు వంటివాటికి అక్కడ అడగండి, గాయం గురించీ నొప్పి గురించీ సర్జన్‌ను అడగండి. ఒకరు రాసిన మందులను రెండోవారికి తప్పకుండా చెప్పండి, లేకపోతే ఒకే మందు రెండు పేర్లతో బిడ్డ కడుపులోకి వెళుతుంది. కట్టు మార్చడానికి ఏఎన్ఎం, అంటే ఊరికి వచ్చే ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త, సాయం అడగవచ్చు, వీడియో కాల్ వేళకు ఆమెను ఇంటికి రమ్మంటే ఇంకా మంచిది.

చివరి కాల్‌లో డాక్టరు "ఇక మాట్లాడనక్కరలేదు" అన్నప్పుడు, స్కూలుకు ఎప్పుడు పంపవచ్చు, పరుగులూ సైకిలూ ఎప్పటి నుంచి, వాయిదా పడిన టీకాలు ఎప్పుడు వేయించాలి అని అడిగి రాసుకోండి. డిశ్చార్జి సమ్మరీ, పరీక్ష రిపోర్టు, ఫోనులో వచ్చిన చీటీల ప్రింటు, నోటుబుక్కు అన్నీ ఒకే కవరులో పెట్టి, మత్తు మందు గాని మరే మందు గాని పడక ఇబ్బంది జరిగి ఉంటే ఆ మందు పేరు కవరు మీదే పెద్ద అక్షరాలతో రాయండి.